మెటల్ డిటెక్టర్ కేబుల్: చుట్టాలా, కట్టాలా, వదిలించుకోవాలా?

మెటల్ డిటెక్టర్ గురించి ఎవరు రాసినా నేల మీద తిరిగే కాయిల్ గురించి రాస్తారు, చేతి దగ్గరుండే కంట్రోల్ బాక్స్ గురించి రాస్తారు. ఆ రెంటినీ కలిపే కేబుల్‌కు యూజర్ మాన్యువల్‌లో దక్కేది ఒకటి రెండు వాక్యాలు. రాడ్‌కు చుట్టండి, పట్టీ వేయండి, ప్లగ్ బిగించండి అని చెప్పి పుస్తకం ముందుకు వెళ్లిపోతుంది. దాంతో కేబుల్ సంగతి కేవలం నీటుదనానికి సంబంధించిందని వాడేవాళ్లు కూడా అనుకుంటారు. బ్రిటన్ పొలాల్లో పాత నాణేలు వెతికే అభిరుచిదారులు, ఆస్ట్రేలియా ఎర్రనేలల్లో బంగారం తునకల కోసం తిరిగేవాళ్లు, యుద్ధం ముగిసిన దేశాల్లో మందుపాతరలు తీసే సిబ్బంది, మన దగ్గర కల్వర్టుల కింద తనిఖీ చేసే బాంబ్ స్క్వాడ్లు, వీళ్లందరి పనులూ వేరు, పొరపాటుకు చెల్లించే మూల్యమూ వేరు. అయినా కేబుల్‌ను ఎలా ఉంచాలన్న ప్రశ్న అందరికీ ఒకటే. రాడ్ చుట్టూ మెలికలుగా చుట్టాలన్నది ఒక పద్ధతి, నిలువుగా పట్టీలతో కట్టాలన్నది మరొకటి, రాడ్ గొట్టం లోపల దాచాలన్నది ఇంకొకటి, అసలు కేబులే లేకుండా చేయాలన్నది కొత్తగా వచ్చింది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒక్కటే: కేబుల్ కొలిచే పరికరంలో ఒక భాగం, కాబట్టి కాయిల్‌ను అంటిపెట్టుకుని ఉండే ఆఖరి అడుగు పొడవు కేబుల్ కాయిల్‌తో పాటే కదలాలి, సొంతంగా ఊగకూడదు. మిగతా పేచీలన్నీ దీని తర్వాతే వస్తాయి.

ఎందుకో తెలియాలంటే యంత్రం ఏం వింటుందో గుర్తు చేసుకోవాలి. ప్రసార కాయిల్‌లో కరెంటు మారుతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంటుంది. ఆ క్షేత్రంలోకి వచ్చిన లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటి క్షేత్రాన్ని గ్రాహక కాయిల్ పసిగడుతుంది. ఎక్కువ వాడుకలో ఉన్న వీఎల్ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) రకం యంత్రాలు 3 నుంచి 100 కిలోహెర్ట్జ్ లోపు పనిచేస్తాయి. ప్రసార కాయిల్ ప్రభావం గ్రాహక కాయిల్ మీద దాదాపు సున్నా అయ్యేలా రెంటినీ అమర్చి, అది చెదరకుండా ఎపాక్సీ పోసి బిగిస్తారు. జానెడు లోతులో ఉన్న నాణెం ఆ సున్నాను కదిలించేది మైక్రోవోల్టుల లెక్కన. అంత సున్నితమైన తూకం పక్కనే రాగి అల్లికతో చేసిన తొడుగున్న కేబుల్ ఉంటుంది. అదీ లోహమే. దగ్గర్లో ఉన్న లోహాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో ఈ పరికరం పుట్టిన నాడే తేలిపోయింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాక, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన ఇండక్షన్ బ్యాలెన్స్‌తో శ్వేతసౌధానికి వెళ్లాడు. తూటా దొరకలేదు. వైద్యుడు శరీరం కుడివైపు మాత్రమే వెతకనివ్వడం ఒక కారణమైతే, పరుపులో ఉన్న ఉక్కు స్ప్రింగులు సంకేతాన్ని చెడగొట్టడం రెండో కారణంగా చెబుతారు. గార్‌ఫీల్డ్ పరుపులోని స్ప్రింగులు ఏ పని చేశాయో, సరిగ్గా కట్టని కేబుల్ ఇవాళా ఆ పనే చేస్తుంది.

కేబుల్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా, యంత్రం దానికి అలవాటు పడదా అన్న ప్రశ్న సహజం. అలవాటు పడుతుంది, కేబుల్ కదలనంత వరకు. ఇప్పటి డిటెక్టర్లలో అత్యధికం కదలిక మీద ఆధారపడినవే. మారకుండా ఉండిపోయే సంకేతాన్ని ఫిల్టర్ తీసేస్తుంది, వచ్చి పోయే సంకేతాన్ని లక్ష్యంగా ప్రకటిస్తుంది. కాయిల్‌కు దగ్గర్లో ఉన్న లోహమైనా, కాయిల్‌తో దాని సంబంధం మారనంత వరకు గోల చేయదు. ఇప్పుడు వదులుగా వేలాడే కేబుల్ సంగతి చూడండి. చేతిని కుడినుంచి ఎడమకు ఊపడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, నాణెం మీదుగా కాయిల్ దాటిపోవడానికి సెకనులో కొంత భాగం. ఊపు చివర చేయి దిశ మార్చుకున్నప్పుడు వదులు కేబుల్ కొంచెం ముందుకు తూలి మళ్లీ వెనక్కి వచ్చే సమయమూ సుమారుగా అంతే. అంటే కేబుల్ ఊగిన సంకేతానికీ, లక్ష్యం దాటిన సంకేతానికీ కాలంలో పోలిక ఉంది. ఆ రెంటినీ ఫిల్టర్ విడదీయలేకపోవడానికి కారణం ఇదే. ఊపు రెండు చివర్లలో మాత్రమే మోత వస్తూ, అదే చోట నిదానంగా ఊపితే రాకపోతే ముందు అనుమానించాల్సింది నేలను కాదు, కేబుల్‌ను.

కేబుల్ మొత్తం పొడవునా ఇంత జాగ్రత్త అక్కర్లేదు. కాయిల్ వ్యాసం కంటే దూరం వెళ్లాక క్షేత్ర బలం దూరపు ఘనం చొప్పున పడిపోతుంది. వెళ్లే క్షేత్రం ఒకసారి, తిరిగొచ్చే క్షేత్రం మరోసారి పడిపోవడంతో చిన్న లోహపు ముక్క ఇచ్చే సంకేతం దూరపు ఆరో ఘాతం చొప్పున తగ్గుతుంది. దూరం రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు పడుతుంది. 30 సెంటీమీటర్ల దగ్గర ఊగే కేబుల్ చేసే అల్లరి 60 సెంటీమీటర్ల దగ్గర 64 రెట్లు చిన్నదవుతుందన్నమాట. ఇది చుక్కలాంటి వస్తువుకు వేసే లెక్క, కేబుల్ పొడుగాటిది కనుక అక్షరాలా వర్తించదు. కాయిల్‌కు మరీ దగ్గరలో లెక్క మెత్తబడుతుంది కూడా. అయినా దిశ మాత్రం స్పష్టం. కంట్రోల్ బాక్స్ దగ్గర కేబుల్ కాస్త వదులుగా ఉన్నా యంత్రానికి పట్టదు, కాయిల్ దగ్గర అదే వదులు యంత్రాన్ని అరిపిస్తుంది. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. కంటికి ఎదురుగా కనిపించే పైభాగాన్ని ముచ్చటగా సర్దుకుని, కింద మిగిలిన వదులును కాయిల్ దగ్గర ఉచ్చులా వదిలేస్తారు. కింది రాడ్‌ను ప్లాస్టిక్‌తోనో ఫైబర్‌తోనో చేయడానికి తయారీదారులకున్న కారణమూ, ఈ ఉచ్చు కూడదనడానికున్న కారణమూ ఒక్కటే.

కేబుల్‌కు తొడుగు ఉంది, దాన్ని గ్రౌండ్ చేశారు, లోపలి తీగలకు రక్షణ ఉంది, ఇక బయట ఎలా ఉంటే ఏమిటి అన్న అభ్యంతరం ఒకటి తరచూ వినిపిస్తుంది. ఇందులో సగం నిజముంది. తొడుగు విద్యుత్ క్షేత్రాన్ని ఆపుతుంది. తడి గడ్డి తగిలినా, చేయి తగిలినా కెపాసిటెన్స్ మారి గోల రాకుండా చూస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాన్ని మాత్రం పలచటి రాగి తొడుగు ఆపలేదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ క్షేత్రం రాగిలోకి చొచ్చుకుపోయే లోతు సుమారు 0.66 మిల్లీమీటర్లు, కేబుల్ అల్లిక మందం అంతకంటే బాగా తక్కువ. పైగా ఆ అల్లికలోనే సుడి ప్రవాహాలు పుడతాయి. లోపలి తీగలను కాపాడే కవచం బయటి కాయిల్‌కు లక్ష్యంగా మారుతుంది. కనుక మంచి తొడుగున్న కేబుల్ అయినా ఊగితే తప్పు సంకేతం ఇస్తుంది. తొడుగు తెగి లోపల అతుకు వదులైన కేబుల్ సంగతి ఇంకా అధ్వాన్నం, అది ఊగినప్పుడల్లా తాకుతూ విడుతూ ఉంటుంది. ఆ రోగం వేరు, దాని వైద్యం వేరు. వ్యాసం చివర్లో దాని దగ్గరికి వస్తాను.

ఇక పద్ధతుల విషయం. మెలికలుగా చుట్టడం అన్నిటికంటే పాతది, ఎక్కువ మాన్యువళ్లు చెప్పేదీ అదే. దాని గుణం తెలియాలంటే కొంచెం లెక్క వేయాలి. రాడ్ మందం 19 మిల్లీమీటర్లు, కేబుల్ మందం 6 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక్కో చుట్టుకు కేబుల్ అడ్డంగా తిరిగే దూరం సుమారు 78 మిల్లీమీటర్లు. రాడ్ మీద కేబుల్ పరుచుకోవాల్సిన దూరం 100 సెంటీమీటర్లు, కేబుల్ పొడవు 115 సెంటీమీటర్లు అయితే, వదులు లేకుండా సరిపోవడానికి 7 చుట్లు కావాలి. అదే రాడ్‌ను పొట్టివాడి కోసం 10 సెంటీమీటర్లు కుదిస్తే 9 చుట్లు కావాలి. చుట్లు మార్చకుండా రాడ్‌ను మాత్రమే కుదిస్తే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల కేబుల్ ఎక్కడో ఒకచోట వదులుగా తేలుతుంది. కింద భాగం కంటికి దూరం కనుక అది సాధారణంగా అక్కడికే చేరుతుంది. ఊళ్లో ఒకే యంత్రాన్ని నలుగురు పంచుకున్నప్పుడు, ఒక స్క్వాడ్‌లో పొడుగు మనిషి నుంచి పొట్టి మనిషికి యంత్రం మారినప్పుడు, ఉదయం బాగా పనిచేసిన డిటెక్టర్ మధ్యాహ్నానికి అరవడం మొదలుపెడితే ఆ రెండు చుట్ల తేడాను ముందు చూసుకోవాలి. రాడ్ పొడవును ఎన్నో కన్నం దగ్గర పెట్టామో గుర్తుంచుకున్నట్టే, ఆ కన్నానికి ఎన్ని చుట్లో కూడా గుర్తుంచుకోవాలి.

చుట్టడానికి ఎదురు చెప్పేవాళ్లు ఒక ఆసక్తికరమైన వాదన తెస్తారు. తీగను గొట్టం చుట్టూ చుడితే అదే మరో కాయిల్ అయిపోదా అని. వినడానికి బడి పాఠంలా సరిగ్గానే ఉంటుంది. కాయిల్‌కు వెళ్లే కరెంటూ, తిరిగొచ్చే కరెంటూ ఒకే కేబుల్‌లో పక్కపక్కనే నడుస్తాయన్నది ఆ వాదనలో మరిచిపోయిన విషయం. ఒకటి ఎంత క్షేత్రం పుట్టిస్తే రెండోది దానికి ఎదురుగా అంతే పుట్టిస్తుంది, కలిపితే దాదాపు సున్నా. ఎన్ని చుట్లు చుట్టినా సున్నాను ఎన్ని రెట్లు చేసినట్టే. కనుక చుట్టడం వల్ల కొత్త కాయిల్ పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. చుట్టడానికి వ్యతిరేకంగా చెప్పదగ్గ మాట ఇంకొకటి ఉంది, అది బలమైనది కూడా. రాడ్‌ను రోజూ తెరిచి మూసేవాళ్లకు, అంటే టెలిస్కోప్‌లా ఒకదాంట్లో ఒకటి దూరే రాడ్ వాడేవాళ్లకు, ప్రతిసారీ చుట్లు సరిచేయడం తలకు మించిన పని, ఎక్కడో ఒకరోజు మరిచిపోతారు. వాళ్లకు నిలువుగా వేసి రెండు మూడు చోట్ల వెల్క్రో పట్టీతో కట్టడమే మేలు, మిగిలిన పొడవును పైన మోచేతి దగ్గర, కాయిల్‌కు దూరంగా మడిచి ఉంచాలి. వదులు ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు, అది పైకి వెళ్లాలి. రాడ్ పొడవు ఎప్పుడూ మార్చనివాళ్లకు చుట్టడమే నిలకడైనదని నా అభిప్రాయం, పట్టీలు ఊడినా చుట్టు చుట్టును పట్టుకునే ఉంటుంది.

ఇంత చెప్పాక బిగించడమే పరిష్కారమనిపిస్తుంది, అక్కడే రెండో ప్రమాదం మొదలవుతుంది. కాయిల్ రాడ్ కొసన ఒక ఇరుసు మీద వంగుతుంది. గట్టు ఎక్కేటప్పుడు, పొద కింద దూర్చేటప్పుడు, సంచిలో సర్దేటప్పుడు దాన్ని వంచుతారు. ఆ ఇరుసు ఉన్న మెడ దగ్గర కేబుల్‌ను నరం తెగేలా బిగిస్తే ప్రతి వంపుకూ ఆ లాగుడు కాయిల్‌లోకి కేబుల్ దూరే చోట పడుతుంది. ఇస్త్రీపెట్టె తీగ, ఫోన్ చార్జర్ తీగ ఎక్కడ తెగుతాయో తెలిసిన ప్రతి ఇంట్లోవాళ్లకూ ఇది వేరే చెప్పక్కర్లేదు. కదిలే కేబుల్‌కు వంపు వ్యాసార్థం దాని మందానికి పది రెట్లయినా ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. 6 మిల్లీమీటర్ల కేబుల్‌కు 6 సెంటీమీటర్లు. అందుకే కాయిల్‌ను రెండు వైపులా పూర్తిగా వంచి చూసి, ఆ చివరి వంపులో కూడా లాగుడు పడనంత కేబుల్‌ను మాత్రమే మెడ దగ్గర వదిలి, దాని పైన మొదటి కట్టు వేయాలి. మొదటి చుట్టు రాడ్ పైభాగం మీదుగా పోవాలని మాన్యువళ్లు చెప్పడంలోనూ అర్థముంది, అడుగు వైపు పోతే తుప్పలు దాన్ని పట్టి లాగుతాయి. బోరులో మోటారు దించేటప్పుడు కేబుల్‌ను పైపుకు అక్కడక్కడా కట్టి దించే రైతులకు ఈ రెండు నియమాలూ చేతికి అలవాటైనవే. ఊగితే ఒరుసుకుంటుంది, మరీ లాగితే అతుకు తెగుతుంది. కట్టడానికి వాడే వస్తువు కూడా చూసుకోవాలి. లోపల సన్నటి ఇనుప తీగ ఉండే మెలిపెట్టే కట్లు కాయిల్ దగ్గర పనికిరావు, అవే లోహం. నైలాన్ ట్యాగులు అంచు కోసుకుని కేబుల్ తోలును తినేస్తాయి, పైగా ఒకసారి బిగిస్తే కోస్తే గానీ రావు. ఇన్సులేషన్ టేపు మన ఎండలకు జిగురు కారి జారుతుంది. వెల్క్రో అన్నిటికంటే నయం. అది దొరకని చోట సైకిల్ ట్యూబు ముక్క మంచి పట్టు ఇస్తుంది, ఎండకు పగిలాక మార్చుకోవాలంతే.

ఇప్పటివరకు చెప్పింది కేబుల్ కదలిక గురించి. పల్స్ ఇండక్షన్ యంత్రాల దగ్గర కేబుల్ పొడవే ప్రశ్నగా మారుతుంది. బ్రూస్ క్యాండీ రూపకల్పనతో మైన్‌ల్యాబ్ 1995లో తెచ్చిన ఎస్‌డీ 2000 నుంచి మొదలై, ఆస్ట్రేలియా బంగారు నేలల్లో ఈ రకం రాజ్యమేలింది. ఇనుము కలిసిన ఎర్రమట్టి వీఎల్ఎఫ్ యంత్రాలను గందరగోళపెడుతుంది, పల్స్ యంత్రం దాన్ని చాలావరకు దాటగలదు. ఇందులో కాయిల్‌లోకి కరెంటు పంపి హఠాత్తుగా ఆపేస్తారు. ఆపిన క్షణంలో వందల వోల్టులు లేచి, కొద్ది మైక్రోసెకన్లలో అణగాలి. అణిగాకే లోహం నుంచి వచ్చే ప్రతిధ్వనిని వినడం మొదలవుతుంది. గ్రాములో చిన్న వంతు బరువుండే తునక ప్రతిధ్వని ఆ కొద్ది మైక్రోసెకన్లలోనే చచ్చిపోతుంది. కనుక కాయిల్ ఎంత త్వరగా అణిగితే అంత చిన్న బంగారం వినపడుతుంది. అణగడాన్ని ఆలస్యం చేసేది కెపాసిటెన్స్, అందులో కేబుల్ వాటా చిన్నది కాదు. మామూలు ఆర్‌జీ 58 రకం కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు, ఆర్‌జీ 62కు అందులో సగం కంటే తక్కువ. 300 మైక్రోహెన్రీల కాయిల్‌కు మొత్తం కెపాసిటెన్స్ 300 పికోఫారడ్లయితే దాని సహజ ఫ్రీక్వెన్సీ 530 కిలోహెర్ట్జ్. మీటరున్నర ఆర్‌జీ 58 ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే 150 పికోఫారడ్లు చేరి అది 433కు పడుతుంది, యంత్రంలో ముందే పెట్టిన డ్యాంపింగ్ నిరోధకం ఇక సరిపోదు. అందువల్ల పొడవు చాల్లేదని అతికించడం, ఎక్కువైందని కోసి మళ్లీ ప్లగ్ వేయడం రెండూ తప్పే. వీఎల్ఎఫ్ కాయిల్ తూకాన్ని కూడా ఆ కేబుల్‌తో కలిపే ఫ్యాక్టరీలో సరిచేసి ఉంటారు. మిగిలిన కేబుల్‌ను మడిచి పెట్టుకోవడమే దారి. కాయిల్ మార్చాలనుకున్నవాళ్లు, ఆస్ట్రేలియాలో కాయిల్‌టెక్ లాంటి సంస్థలు చేసే వేరే కాయిళ్లు కొనేవాళ్లు, కాయిల్ వ్యాసాన్ని చూసినంత శ్రద్ధగా కేబుల్‌ను కూడా చూడాలి.

కేబుల్‌ను రాడ్ గొట్టం లోపల నడపడం చూడటానికి అన్నిటికంటే శుభ్రమైన జవాబు. ముళ్లు పట్టవు, ఎండ తగలదు, ఊగదు. సంచిలో మడిచి మోసుకెళ్లే సైనిక తరహా డిటెక్టర్లలో ఈ పద్ధతి ఎక్కువ, వాటి అవసరానికి అది సరైనదే. అయితే గొట్టం లోపల కేబుల్ తెగితే తెగిందని కళ్లకు కనిపించదు, కాయిల్ మార్చాలంటే రాడ్ విప్పాలి. పాత ఫోన్ తీగలా స్ప్రింగులా చుట్టుకునే కేబుల్ ఇంకో జవాబు. పొడవు మార్పును దానంతట అదే సర్దుకుంటుంది నిజమే, కానీ ఊగడానికి దాని కంటే బాగా పుట్టిన వస్తువు లేదు. బ్యాటరీ నుంచి బాక్స్‌కు, బాక్స్ నుంచి హెడ్‌ఫోన్‌కు పోయే చోట అది బాగుంటుంది, కాయిల్ పక్కన కాదు. కనెక్టర్ లేకుండా కేబుల్‌ను నేరుగా బాక్స్‌లోకి అతికించేసే పద్ధతి నీళ్లలో వాడే యంత్రాల్లో ఉంది. ఉప్పునీరు చేరడానికి దారి ఉండదు, బాగుచేయడానికి కూడా దారి ఉండదు.

ఈ తలనొప్పులన్నీ ఎందుకు, కేబులే తీసేస్తే పోలా అన్నదే గత పదిహేనేళ్లలో వచ్చిన అతి పెద్ద మార్పు. ఫ్రెంచ్ సంస్థ ఎక్స్‌పీ 2010 ప్రాంతంలో తెచ్చిన డేయుస్ ఆ పని చేసి చూపింది. కాయిల్‌లోనే ఎలక్ట్రానిక్స్, కాయిల్‌లోనే చిన్న బ్యాటరీ. సంకేతాన్ని అక్కడికక్కడే అంకెలుగా మార్చి రేడియో ద్వారా చేతి దగ్గరి రిమోట్‌కూ, హెడ్‌ఫోన్‌కూ పంపుతుంది. మైక్రోవోల్టుల సంకేతం మీటరు పొడవు తీగలో ప్రయాణించాల్సిన అవసరమే తప్పింది. నేను పైన చెప్పిన వాదనకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. కేబుల్ నిజంగా పట్టించుకోనక్కర్లేని వస్తువైతే, దాన్ని తీసేయడానికి ఒక సంస్థ కాయిల్‌లో బ్యాటరీ పెట్టేంత దూరం వెళ్లేది కాదు. ఇక కేబుల్ కథ ముగిసిందని అనడం మాత్రం తొందరపాటు. కాయిల్‌కు చార్జింగ్ కావాలి, ఆ చిన్న బ్యాటరీకీ ఒక ఆయుష్షు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైంది నీళ్లు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం నీటిలో కొద్ది సెంటీమీటర్లకే చచ్చిపోతుంది. అందుకే 20 మీటర్ల లోతు వరకు నీటిని తట్టుకునే డేయుస్ 2తో నీళ్లలోకి దిగాలంటే కాయిల్ దగ్గర్నుంచి రిమోట్ దాకా ఒక యాంటెనా తీగను రాడ్ వెంట కట్టుకోవాలి. ఆ తీగ మోసేది రేడియో సంకేతాన్నే కనుక అది కొద్దిగా కదిలినా పాత కేబుల్ అంత కీడు చేయదు, కానీ ఊడితే కాయిల్ మూగబోతుంది. పని చేసే చోటే జవాబును నిర్ణయిస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇప్పుడు గట్టి అభ్యంతరం. కేబుల్ ఊగితే నాలుగు తప్పుడు మోతలు వస్తాయి, వస్తే ఏమైంది, తవ్వి చూస్తే తెలిసిపోతుంది, డిజిటల్ ఫిల్టర్లు కూడా మెరుగయ్యాయి కదా అని. నష్టం తప్పుడు మోతతో ఆగదని నా జవాబు. యంత్రం ఊరికే అరుస్తుంటే మనిషి మొదట చేసే పని సెన్సిటివిటీ తగ్గించడం. మోత ఆగుతుంది, దాంతో పాటు లోతుగా ఉన్న వస్తువు కూడా వినపడకుండా పోతుంది. ఫిల్టర్‌ను పెంచినా జరిగేది అదే, కేబుల్ ఊపును పోలిన చిన్న సంకేతాలు కూడా వడపోతలో పోతాయి. దొరకనిదాన్ని ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి ఆ నష్టం ఎక్కడా నమోదు కాదు. పొలంలో నాణేలు వెతికేవాడికి అది పోయిన నాణెం, మందుపాతరలు తీసేవాళ్లకు అది పోయిన కాలు. స్కాట్లండ్‌లో ఉన్న పోలిష్ సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ 1941లో రూపొందించిన డిటెక్టర్లను 500 దాకా 1942లో ఈజిప్టులో జరిగిన ఎల్ అలమైన్ యుద్ధంలో వాడారు. ఇసుకలో దారి తీసే వేగం గంటకు 100 మీటర్ల నుంచి 200కు పెరిగిందంటారు. అప్పటి మందుపాతరలు చాలావరకు ఇనుప పళ్లేలు. ఎం 14 లాంటి తర్వాతి తరం ప్లాస్టిక్ మందుపాతరల్లో లోహం గ్రాములో కొంత భాగమే. అలాంటివి ఇక దొరకకుండా పోకూడదనే 1996లో సవరించిన అంతర్జాతీయ ప్రోటోకాల్ మనుషుల మీద వాడే మందుపాతర నుంచి కనీసం 8 గ్రాముల ఇనుముతో సమానమైన సంకేతం రావాలని షరతు పెట్టింది. ఆ షరతుకు ముందే పాతిపెట్టినవి మట్టిలో ఇంకా ఉన్నాయి. గ్రాములో చిన్న వంతును వినాల్సిన చోట సెన్సిటివిటీని ఒక్క మెట్టు కూడా ఊరికే వదులుకోకూడదు. పదిసార్లు ఊరికే అరిచిన యంత్రాన్ని పదకొండోసారి మనిషి నమ్మడన్నది ఇంకో ప్రమాదం.

తెలుగు నేలకు ఈ సంగతి దూరం కాదు. 2003 అక్టోబర్ 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద క్లేమోర్ మందుపాతరలు పేలాయి. ఏజెన్సీ దారుల్లో కల్వర్టుల కింద పెట్టిన మందుపాతరలకు పోలీసులు, మామూలు జనం బలైన ఏళ్లు మనకు గుర్తున్నాయి. అలాంటి దారుల్లో వాడే యంత్రానికి తుప్పలు, బురద, జీపు వెనక కుదుపులు తప్పవు, ఒకటే యంత్రం చాలా చేతులు మారుతుంది. గుప్తనిధుల పిచ్చితో గుడుల్లో, కోటల్లో దొంగచాటుగా డిటెక్టర్ తిప్పేవాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి భూమిలో దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి, రక్షిత కట్టడాల్లో తవ్వడం నేరం. వాళ్ల పనికి ఉపయోగపడాలని ఈ వ్యాసం రాయలేదు. ఇప్పటివరకు చెప్పింది రాడ్ ఉన్న యంత్రాల గురించి, మీటరు చదరపు చట్రం ఉన్న పెద్ద కాయిళ్ల గురించి కూడా ఒక మాట చేర్చాలి. అక్కడ కేబుల్ రాడ్ వెంట కాకుండా చట్రానికీ మనిషికీ మధ్య గాలిలో వేలాడుతుంది. దాన్ని చట్రం మధ్యనుంచి నేరుగా పైకి లేపి, ఒక కట్టు చట్రానికి, ఒక కట్టు నడుముకు వేస్తే ఊగే భాగం క్షేత్రానికి వీలైనంత దూరమవుతుంది.

పాడైన కేబుల్‌ను సరిగ్గా కట్టని కేబుల్ నుంచి వేరు చేయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. కాయిల్‌ను నేలకూ లోహానికీ దూరంగా, చెక్క బల్ల మీద కదలకుండా పెట్టి వినాలి. ఏమీ కదపకుండానే గోల వస్తుంటే అది కరెంటు లైన్ల నుంచో, పక్కనున్న మరో యంత్రం నుంచో వస్తోంది, కేబుల్ తప్పు లేదు. నిశ్శబ్దంగా ఉంటే మొదట బాక్స్ దగ్గరి ప్లగ్‌ను వేళ్లతో మెల్లగా కదపాలి, తర్వాత మధ్య భాగాన్ని, చివరగా మెడను. ప్లగ్ దగ్గర మోత వస్తే పిన్నుల్లో ఇసుకో తుప్పో ఉంది, తుడిచి బిగిస్తే పోతుంది. కేబుల్ మధ్యభాగం కాయిల్‌కు దూరంగా ఉండి కూడా వంచినప్పుడల్లా మోగితే లోపల తొడుగు తెగింది. మెడ దగ్గర మోగితే ఇంకా తేల్చుకోవాల్సింది ఉంది. కేబుల్‌ను కాయిల్‌కు దగ్గరగా తెచ్చి దూరం జరిపినప్పుడు మాత్రమే మోత నున్నగా పెరిగి తగ్గితే అది క్షేత్రంలో లోహం కదిలిన మోత, కట్టు సరిచేస్తే చాలు. దూరం మారకుండా వేలితో నొక్కినప్పుడు టక్కున తెగినట్టు వస్తే లోపలి తీగ విరిగింది, ఆ కాయిల్‌ను బాగుచేసేవాళ్లకు ఇవ్వాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు పట్టదు. రాడ్ పొడవు మార్చిన ప్రతిసారీ, కాయిల్ మార్చిన ప్రతిసారీ, యంత్రం ఒకరి చేతినుంచి మరొకరి చేతికి వెళ్లిన ప్రతిసారీ దీన్ని చేసి, ఆ తర్వాతే పరీక్ష లోహాన్ని కాయిల్ కింద తిప్పి చూడాలి. కేబుల్ వదులుగా ఉండగా పరీక్ష లోహాన్ని తిప్పితే, మోగింది లోహమో కేబులో ఆ మోతను బట్టి చెప్పలేం.